నిండు నిమిషం

గోపన్‌పల్లి,
10 జూన్ 2024.

వీరలక్ష్మి సిస్టరమ్మ గారికి నమస్కారం.

నా పేరు రామచంద్రం. పోయిన సోమవారం మీ వార్డుల కొత్తగ చేరిన సరిత మా బిడ్డ. మీ దవాఖానల సఫాయి పని చేసే సీతాబాయి మా గల్లీల ఉంటది. ఆమెతోటి ఈ కాగితం పంపుతున్న.

ఫోన్ చేయొచ్చు గద అనుకుంటరు. నాకు చెవులు వినపడవు. తెల్లాపూర్‌ల ఒక గేటెడ్ కమ్యూనిటీల మోటార్ ఆపరేటర్‌ను. పాతికేండ్లు పంపుల పక్కన, జనరేటర్ల పక్కన నిలబడ్డ. ఇంట్లవాళ్ల పెదవులు చూసి మాట తెలుసుకుంట. బడికి పోలేదు. బోర్డులు, మీటర్లు చూసి అక్షరాలు, అంకెలు నేర్చుకున్న. తప్పులుంటే ఏమనుకోకండి.

సరిత పనిల పడితే తిండి మర్చిపోతది. డబ్బా కట్టినట్టే తిరిగొస్తున్నది. మీరు ఒక్కసారి "తిన్నవా" అని అడిగితే తింటది. మా ఇంటామె కనకలక్ష్మి పక్కన కూసొని, "మా పోరికి కోపం ముక్కు మీద ఉంటది, జర సూసుకొమ్మని రాయి" అంటున్నది. రాయమన్నది కాబట్టి రాసిన.

ఇంకొక మాట. చిన్నప్పుడు సెలవులల్ల నాతోటి పంపుహౌజుకు వచ్చేది. సంపుల నీళ్లు ఎంత ఉన్నయో చూసి రిజిస్టర్ల అంకె వేసేది. నేను నేర్పింది ఒక్కటే. చూసినంకనే రాయాలె. మీరు నేర్పేటివి శానా ఉంటయి. ఇది మటుకు నేర్పే పని లేదు.

ఇట్లు,
రామచంద్రం

*

మదీనాగూడ,
16 జూన్ 2024.

రామచంద్రం గారికి నమస్కారమండి.

సీతాబాయి మీ ఉత్తరం ఇస్తే వార్డులో అందరూ చుట్టూ మూగారు. "సిస్టర్‌కి లవ్ లెటరు" అని ఒకటే గోల. చేత్తో రాసిన ఉత్తరం అందుకుని ఎన్నేళ్లయిందో. జవాబు నేనూ చేత్తోనే రాస్తున్నాను.

మాది రాజోలు దగ్గర. నర్సునై ఇరవై రెండేళ్లు. చదువు ముగించి కొత్తగా వచ్చిన పిల్లల్ని మా దగ్గర పన్నెండు వారాలు ఒక సీనియర్‌కి అప్పగిస్తారు. సరితని నాకు అప్పగించారు. ఒక చిన్న పుస్తకం ఉంటుందండి, అందులో అరవై నాలుగు పనులు. ఒక్కోదానికి మూడు గళ్లు: చూసింది, నా పక్కన ఉండి చేసింది, ఒంటరిగా చేసింది. మూడో గడిలో నా సంతకం పడితేనే ఆ పని ఆమెకి వచ్చినట్టు. కాలేజీలో బొమ్మకి సూది గుచ్చడం వేరు, "అమ్మా" అని అరిచే మనిషికి గుచ్చడం వేరు కదా.

రెండో రోజు మత్తులో ఉన్న ఒక పెద్దాయన దగ్గర నిలబడి, "తాతా, జర చెయ్యి ఇటియ్యి, ఫికర్ చెయ్యకు" అంటోంది. ఆయనకి వినపడదమ్మా అన్నాను. "మా నాయనకు గూడ వినపడది సిస్టర్, అయినా చెప్తం గద" అంది.

ఊపిరి లెక్కపెట్టడానికి ప్రతి మనిషి దగ్గరా నిండు నిమిషం నిలబడుతుంది. మిగతా పిల్లలు నవ్వుతున్నారు. మీకు చెబితే నవ్వొస్తుందేమో గానీ మా వార్డులో అందరి ఊపిరీ ఇరవయ్యే. చూసినా ఇరవై, చూడకపోయినా ఇరవై. మీ అమ్మాయి షీట్లో పదిహేడు, పంతొమ్మిది, ఇరవై మూడు అని కనబడితే డాక్టరు గారు "ఎవరీ కొత్తమ్మాయి?" అని అడిగారు.

అన్నం సంగతి నేను చూసుకుంటాను. కోపం ఇంకా చూడలేదని కనకలక్ష్మి గారితో చెప్పండి.

వీరలక్ష్మి

*

గోపన్‌పల్లి,
14 జూలై 2024.

సిస్టరమ్మకు నమస్కారం.

డబ్బా ఖాళీగ వస్తున్నది. సంతోషం.

ఇంట్ల ఒక కొత్త పని మొదలైంది. మధ్యాహ్నం తిని నేను నడుం వాలుస్త. నాకు నిద్ర పట్టిందనుకొని సరిత వచ్చి నా రొమ్ము మీద చెయ్యి పెడ్తది. గోడ గడియారం చూసుకుంట లెక్కపెడ్తది. లెక్కపెడ్తున్నరని తెలిస్తే మనిషి ఊపిరి మారుతదంట, మీరే చెప్పిండ్రంట. అందుకని నేను కండ్లు తెర్వను. ఒకసారి ఒంటి కన్నుతోటి చూసిన. దాని పెదవులు కదులుతున్నయి. పద్దెనిమిది అని నోటుబుక్కుల రాసుకున్నది. వాళ్ల అమ్మ వచ్చి, "నీ అయ్య బతికే ఉన్నడు తియ్యి, లేసి గిన్నెలు తోము" అన్నది.

నాకు శబ్దం తెల్వది. చెయ్యి బరువు తెలుస్తది. ఆ నిమిషం బాగుంటది సిస్టరమ్మా.

దినాం మీ మాటనే. "సిస్టర్ ఇట్ల అన్నది, సిస్టర్ అట్ల చేసింది." దానికి మీరంటే గురి.

రామచంద్రం

*

మదీనాగూడ,
4 ఆగస్టు 2024.

అన్నయ్యగారికి నమస్కారాలు.

ఇలా పిలిస్తే తప్పుగా అనుకోరు కదా. తీరిక లేదు, రెండు ముక్కలు రాస్తున్నాను.

మా వార్డులో ఒకే నెలలో ఐదుగురు మానేశారు. ఇద్దరు దుబాయి, మిగతావాళ్లు రోడ్డుకి అవతలున్న ఆస్పత్రికి. పైవాళ్లు కొత్తపిల్లల పన్నెండు వారాల్ని ఎనిమిది చేశారు. నిన్న కూర్చుని సరిత పుస్తకంలో మిగిలిన గళ్లన్నింట్లో సంతకాలు పెట్టేశాను. రేపటి నుంచి ఆమెకి సొంతంగా తొమ్మిది మంది పేషెంట్లు.

చెయ్యగలదు. వేగం ఒక్కటే తక్కువ. రౌండ్ల టైముకి షీట్లు ఖాళీగా ఉంటే ఇన్‌చార్జి మేడం అందరి ముందూ కేకలేస్తారు. ఆ మాటలు పడలేక నేను చేరిన కొత్తలో బాత్‌రూములో ఏడ్చేదాన్ని. సరితకి ఆ గతి పట్టకుండా నేను వెనక ఒక చెయ్యి వేస్తూనే ఉన్నాను. మీరు నిశ్చింతగా ఉండండి.

మీ చెల్లెలు,
వీరలక్ష్మి

*

గోపన్‌పల్లి,
8 సెప్టెంబర్ 2024.

సిస్టరమ్మకు.

సరిత ఇంటికొచ్చి నాలుగు రోజులాయె. డ్యూటీకి పోతలేదు. అడిగితే పెదవులు కదుల్తలేవు. నాకు దిక్కు దాని పెదవులే.

నాకు తెలిసింది ఒక్కటే పని, చూసింది రాసుడు. రాస్తున్న.

గురువారం: చాయ్ తాగింది. అన్నం ముట్టలేదు.
శుక్రవారం: రెండు ముద్దలు తిన్నది.
శనివారం: యూనిఫాం ఉతికి ఆరేసింది. ఎండినంక తీసి మళ్ల ఉతికింది.
ఇయ్యాల: నేను పడుకున్నప్పుడు రాలేదు.

సీతాబాయిని అడిగితే మొఖం తిప్పుకున్నది. దవాఖానల మనుషులు పోతరు, కొత్త పిల్లలు ఏడుస్తరు, అది నాకు తెలుసు. ఇది ఏడుపు కాదు. ఏమైంది సిస్టరమ్మా?

రామచంద్రం

*

మదీనాగూడ,
15 సెప్టెంబర్ 2024.

అన్నయ్యగారికి.

మీ ఉత్తరం వారం నుంచి నా బ్యాగులోనే ఉంది.

నరసింహమూర్తి గారని, అరవై ఏడేళ్లాయన, బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయి మా వార్డుకి వచ్చారు. సరిత చూసే తొమ్మిది మందిలో ఒకరు. ఆపరేషన్ అయినవాళ్లకి రెండు గంటలకోసారి నాడి, బి.పి., ఊపిరి చూసి రాయాలి. మూడో తారీకు సాయంత్రం నాలుగింటి గడిలో ఊపిరి ఇరవై అని రాసి ఉంది. అది లెక్కపెట్టి రాసింది కాదు. ఆరింటికి సరిత వెళ్లేసరికి ఆయన రొప్పుతున్నారు. ముప్పై ఎనిమిది. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ అడ్డుపడింది. ఐ.సి.యు.కి తీసుకెళ్లాం. ఎనిమిదింటికి పోయారు. నాలుగింటికే తెలిసుంటే ఏమో.

విచారణలో సరిత, "నేను చూడకుండా రాశాను" అని కాగితం రాసిచ్చింది. అందుకే ఇంటికి పంపారు. నోటీసు వస్తుంది.

పొరపాట్లు జరుగుతాయండి. కొత్తపిల్ల, తొమ్మిది మంది. ఆమె ఒక్కర్తినీ అనడం న్యాయం కాదని నేను ఇన్‌చార్జి మేడంతో అన్నాను. ఆమె చేత అన్నం తినిపించండి.

వీరలక్ష్మి

*

గోపన్‌పల్లి,
6 అక్టోబర్ 2024.

వీరలక్ష్మి గారికి.

నోటీసు వచ్చింది. దానితోటి ఆనాటి షీటు నకలు గూడ పంపిండ్రు. సరిత చూడలేదు. కనకలక్ష్మి దేవుని పటం ముందట పెట్టి ఏడ్చింది. నేను తీసుకపోయి పంపుహౌజుల కూసొని చూసిన.

మీ వైద్యం నాకు తెల్వది. అంకెలు తెలుసు.

పన్నెండు గంటలకు ఇరవై రెండు. రెండింటికి ఇరవై నాలుగు. నాలుగింటికి ఇరవై. ఆరింటికి ముప్పై ఎనిమిది. సంపుల నీళ్లు ఎక్కుకుంట ఎక్కుకుంట వచ్చి, నడుమ ఒక్కపారి దిగి, మళ్ల ఎగిరి పైకి పోవు. రిజిస్టర్ల అట్లున్నదంటే నడుమ ఎవరో చూడక రాసినట్టు. ఇది ఏ ఆపరేటర్‌ను అడిగినా చెప్తడు.

రెండోది. నేను అంకెలు మీటరు మీద చూసి నేర్చుకున్న. నా రెండు కింద గీత సీదాగ ఉంటది, ముడి ఉండది. పంపుహౌజు గోడ మీద సుద్దతోటి సరితకు అదే నేర్పిన. ఆ షీటుల ఇరవై రెండు, ఇరవై నాలుగు మా బిడ్డవి. కింద సంతకం మా బిడ్డదే. నాలుగింటి ఇరవైల రెండుకు ముడి ఉన్నది.

అసొంటి రెండు నా దగ్గర ఉన్న ఉత్తరాలల్ల ఉన్నది. తారీకుల చూసిన.

నేను ఏమీ అడుగుత లేను.

రామచంద్రం

*

మదీనాగూడ,
13 అక్టోబర్ 2024.

రామచంద్రం గారికి.

ఆ ఇరవై నేనే రాశాను.

మూడున్నరకి రౌండ్లని చెప్పారు. సరిత వేరే మంచం దగ్గర సెలైన్ కారిపోతుంటే సరిచేస్తోంది. ఆమె షీట్లు బల్ల మీద ఖాళీగా ఉన్నాయి. మేడం వచ్చేస్తున్నారు. నేను పెన్ను తీసి నాలుగు షీట్లలో నాలుగింటి గడి నింపాను. నాలుగు ఇంకా కాలేదు కూడా. తీరిక చేసుకుని ఆమె సంతకం పెట్టుకుంటుందిలే అనుకున్నాను. మా దగ్గర ఇది తప్పు కింద లెక్క కాదండి. సాయం. నేను చేరినప్పుడు మా సీనియర్ నాకు చేసింది. నేను ఎంతమందికి చేశానో లెక్కలేదు. వెనకబడిన పిల్లని మాట పడకుండా కాపాడటం అనే అనుకునేదాన్ని. మీకు రాసిన "చెయ్యి వేయడం" అంటే అదే.

పైన ఇరవై నాలుగు ఉందని చూడలేదు. చెయ్యి అలవాటుగా ఇరవై వేసింది.

విచారణ గదిలో సరిత నా ఎదుట కూర్చుని "నాదే" అంది. నేను తలెత్తలేదు. నాకు ఇంటర్ చదివే కొడుకున్నాడు, మా ఆయన లేరు, ఉద్యోగం పోతే ఎలా అనుకున్నాను. ఇవన్నీ కారణాలే గానీ జవాబు కాదని తెలుసు.

ఆమెని అడగండి, నా పేరు ఎందుకు చెప్పలేదో. నాకు అడిగే ముఖం లేదు.

వీరలక్ష్మి

*

గోపన్‌పల్లి,
10 నవంబర్ 2024.

వీరలక్ష్మి గారికి.

మీ కాగితం సరిత చేతికిచ్చిన. రెండుసార్లు చదివింది. నా ఎదురుంగ కూసొని, నాకు తెలిసేటట్టు మెల్లగ పెదవులు కదిలించి చెప్పింది. రెండు నెలల తర్వాత దాని మాట చూసిన. చెప్పింది చెప్పినట్టు రాస్తున్న.

"నాలుగుంబావుకు బల్ల దగ్గరికొచ్చిన నాయనా. గడి నిండి ఉన్నది. సిస్టర్ రాతే అని తెలిసింది. సిస్టర్ రాసిందంటే చూసే రాసి ఉంటది అనుకున్న. సంతకం పెట్టిన.

అప్పుడే ఆయన భార్య పుణ్యవతి గారు వచ్చింది. 'అమ్మా, ఈయన ఆయాసపడుతున్నారు, ఒకసారి చూస్తావా' అన్నది. నేను షీటు చూసి, 'ఇరవయ్యే ఉన్నది మేడం, ఏం ఫికర్ లేదు' అన్న. ఆమె, 'నువ్వు చెప్పావుగా, ఇంకేం భయం' అని పోయింది. మంచం పది అడుగుల దూరం నాయనా. కాగితం చూసిన, మనిషిని చూడలే."

మీ పేరు ఎందుకు చెప్పలేదని అడిగిన. "చెప్తే, ఇగ ఏ సిస్టర్ గూడ కొత్తోళ్లకు చెయ్యి అందియ్యది" అన్నది. ఇంకో మాట గూడ అన్నది. "సిస్టర్ ఇరవై రాసింది. పుణ్యవతి గారితోటి ఫికర్ లేదన్నది మటుకు నేను. అది నాదే."

కనకలక్ష్మి మిమ్మల్ని శానా మాటలన్నది. అవి రాయ. నేను మిమ్మల్ని తిట్టాల్నని కాగితం ముందట పెట్టుకొని రెండు దినాలు కూసున్న. రాలేదు. మా బిడ్డ కడుపునిండ తిన్నది మీ దగ్గర ఉన్న రెండు నెలలే.

ఒక్కటి చెప్త. తప్పు రీడింగు కొట్టేసి పక్కన సరైంది రాసి సంతకం పెట్టేది నా రిజిస్టర్ల ఉన్నది. ఎవరు రాసిన అంకెను వాళ్లే కొట్టెయ్యాలె. ఇంకొకరు కొట్టెయ్యరాదు.

రామచంద్రం

*

మదీనాగూడ,
19 జనవరి 2025.

రామచంద్రం గారికి నమస్కారం.

నా అంకె నేను కొట్టేశాను.

డిసెంబర్లో విచారణ వాళ్ల ముందు జరిగింది జరిగినట్టు రాసిచ్చాను. తర్వాత ఒక సీనియర్ కారిడార్లో నన్ను ఆపి, "పిచ్చిదానా, మేమెవరమూ చెయ్యనిది నువ్వు చేశావా?" అంది. అందరూ చేసేదే అంటే, అదేనండి భయం.

తర్వాత పుణ్యవతి గారింటికి వెళ్లాను. తెల్లాపూర్‌లోనే, మీరు నీళ్లు పట్టే చోటికి దగ్గరే కావచ్చు. అంతా చెప్పాను. ఆవిడ లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చిపెట్టి, "ఆ చిన్నపిల్ల ఎలా ఉంది?" అని అడిగారు. తలుపు దాకా వచ్చి, "మీరు మళ్లీ రావద్దు" అన్నారు.

నన్ను వార్డు నుంచి తీసేశారు. కింద రికార్డుల గదిలో పాత కేస్ షీట్లు కట్టలు కడుతున్నాను. పిల్లలకి నేర్పే పని ఇక నాకు ఇవ్వరు. కొత్తవాళ్లకి పన్నెండు వారాలు మళ్లీ పెట్టారు. మొన్న ఎనిమిది మంది చేరారు, లిఫ్టు దగ్గర కనబడ్డారు. తెల్లటి బూట్లు, చేతిలో ఆ చిన్న పుస్తకం. ఒకమ్మాయి నన్ను "మేడం, నాలుగో అంతస్తు ఎటు?" అని అడిగింది. చూపించాను.

సరిత మీద నోటీసు రద్దయింది. తిరిగి చేరమని ఉత్తరం వస్తుంది. పంపించండి, మీకు దండం పెడతాను. ఇరవై రెండేళ్లలో ఊపిరిని నిండు నిమిషం లెక్కపెట్టిన పిల్లని ఒక్కర్తినే చూశాను. నా తప్పు వల్ల ఆ పని ఆమెతోనే ఆగిపోకూడదు.

ఇప్పుడైనా మధ్యాహ్నం మీ ఊపిరి లెక్కపెడుతోందా?

వీరలక్ష్మి

*

గోపన్‌పల్లి,
16 మార్చి 2025.

వీరలక్ష్మి సిస్టరమ్మకు నమస్కారం.

దవాఖాన ఉత్తరం వచ్చింది. సరిత చదివింది. మడిచి తన చిన్న పుస్తకంల పెట్టింది, మీరు అరవై నాలుగు సంతకాలు చేసిన పుస్తకం. పోను అనలేదు, పోత అనలేదు. పోలేదు.

ఫిబ్రవరిల వేరే కొలువుల చేరింది. హైటెక్ సిటీల అద్దాల బిల్డింగు, తొమ్మిదో అంతస్తు. మెడికల్ కోడింగ్ అంటరంట. ఎక్కడో దేశంల దవాఖానల కాగితాలు కంప్యూటర్ల వస్తయి. ఏ రోగానికి ఏ నంబరో చూసి వెయ్యాలె. నర్సింగు చదివిన పిల్లలు శానామంది ఉన్నరంట అక్కడ. "ఎట్లున్నది బిడ్డా" అని అడిగిన. "మంచిగుంది నాయనా, అక్కడ రోగం ఉంటది, మనిషి ఉండడు" అన్నది.

కనకలక్ష్మి సంతోషంగున్నది. ఏసీ, క్యాబు, ఆదివారం సెలవు. పక్కింటామెకు సాఫ్ట్‌వేర్ అని చెప్పుకుంటున్నది. పోయిన వారం క్యాబు దిగి వస్తుంటే గల్లీల ఒక ముసలామె రాయి తట్టుకొని పడ్డది. అందరు ఉరికిండ్రు. మా బిడ్డ చేతులు వెనక్కి పెట్టుకొని గోడకు ఆనుకొని నిలబడ్డది. నేను చూసిన. నేను చూసినట్టు దానికి తెల్వది.

పుణ్యవతి గారు ఉండేది మా గేటు లోపలే, సి బ్లాకు. మీ కాగితం చూసినంక రిజిస్టర్ల పేరు వెతికిన. ఆ ఇంటి ట్యాంకుకు నేనే నీళ్లు ఎక్కిస్త. ఇదివరకు గూడ ఎక్కించిన. ఆయన ఉన్నప్పుడు గూడ. ఇప్పుడు ఆ ట్యాంకు దినాం రెండుసార్లు ఎక్కి చూస్తున్న. దానివల్ల ఎవరికీ ఏమీ కాదు. చూస్తున్న.

మీరు ఒకటి అడిగిండ్రు. దానికి జవాబు ఇయ్యాలె.

ఆదివారం మధ్యాహ్నం సరిత ఇంట్ల ఉంటది. నేను తిని నడుం వాలుస్త. కండ్లు మూసుకుంట. నిద్ర రాదు, వచ్చినట్టు పడుకుంట. చెవులు పనిచెయ్యవు కాబట్టి అది దగ్గరికి వస్తున్నదో లేదో తెల్వది. రొమ్ము మీద చెయ్యి పడితేనే తెలుస్తది. లేసినంక పంపుహౌజు రిజిస్టర్ వెనక అట్ట మీద రాసుకుంట. మీకోసం ఇక్కడ ఎత్తి రాస్తున్న.

ఫిబ్రవరి 16: రాలేదు.
ఫిబ్రవరి 23: రాలేదు.
మార్చి 2: రాలేదు.
మార్చి 9: గడప దాక వచ్చి నిలబడ్డది. ఒంటి కన్నుతోటి చూసిన. గడియారం దిక్కు చూసింది. మళ్లిపోయింది.

ఇయ్యాల మార్చి 16, ఆదివారమే. ఇప్పుడు పదకొండు అయితున్నది. సరిత బయట తల ఆరబెట్టుకుంటున్నది. కనకలక్ష్మి అన్నం వండుతున్నది. ఇయ్యాలటిది ఇంకా రాయలేదు.

తిన్నంక పడుకుంట. చూసినంకనే రాస్త.

రామచంద్రం